స్వాన్‌సీలో అమ్మ పేరున ఒక తాయెత్తు

గుంటూరు నుంచి అమ్మ వచ్చి మూడు వారాలైంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి రాతిపలకల ముందు గంటసేపు కదల్లేదు. ఆ తర్వాత ఈజిప్టు గదుల్లో జనం తోపులాటకి అలిసిపోయి, "ఇంకెప్పుడూ ఇంత పెద్దదానికి తీసుకురాకురా" అంది. అందుకే ఈసారి వేల్స్‌లోని స్వాన్‌సీకి బయల్దేరాం. మేముండే కార్డిఫ్ నుంచి రైల్లో గంట ప్రయాణం. అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డునే వెళ్లే బస్సు ఎక్కితే యూనివర్సిటీ దగ్గర దింపుతుంది. అందులోనే ఉంది ఈజిప్ట్ సెంటర్ అనే చిన్న మ్యూజియం. టికెట్ లేదు.

రెండే గదులు. ఒకటి బతుకు గురించి, ఇంకొకటి చావు గురించి. నగలు, కుండలు, దువ్వెనలు ఒకవైపు. శవపేటికలు, తాయెత్తులు మరోవైపు. మేం వెళ్లింది శనివారం. పన్నెండేళ్లు కూడా ఉండని ఒక పిల్లాడు, అక్కడి వాలంటీరట, బొమ్మని ముందు పెట్టుకుని మమ్మీ ఎలా చేసేవారో అమ్మకి చూపించాడు. ముక్కులోంచి కొక్కెం పెట్టి మెదడు లాగేవారని చెప్తుంటే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా వదల్లేదు. "మా హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోనూ ఒక మమ్మీ ఉందని వాడికి చెప్పు" అంది. చెప్పాను. వాడి కళ్లు ఇంతయ్యాయి.

ఈ సరుకంతా ఇక్కడికి చేరిన కథ నన్ను బాగా కదిలించింది. మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ వేలంపాటల్లో కుప్పలుగా కొన్న వస్తువులివి. ఆయన 1936లో పోయాక ఏళ్ల తరబడి పెట్టెల్లోనే ఉండిపోయాయి. 1971లో కొంత భాగం స్వాన్‌సీ వచ్చింది. ఆ పెట్టెలు విప్పి ఒక్కొక్కటీ గుర్తుపట్టి వరస పెట్టింది ఈజిప్టు పురావస్తువుల నిపుణురాలు కేట్ బోస్ గ్రిఫిత్స్. తల్లి యూదు వంశస్థురాలని బెర్లిన్‌లో ఆమె ఉద్యోగం తీసేశారు. ఆ తల్లి నాజీల నిర్బంధ శిబిరంలో చనిపోయింది. ఈమె వేల్స్ చేరి, వెల్ష్ నేర్చుకుని, ఆ భాషలోనే కథలు రాసింది. సెంటర్ 1998లో తెరిచారు. అదే ఏడాది, అది చూడకుండానే, ఆమె కన్నుమూసింది.

ఇక్కడ నచ్చిన వస్తువొకటి ఎంచుకుని దాని పేరున చందా కట్టి దాతగా ఉండొచ్చు. ఆ పద్ధతి గురించి కౌంటర్‌లో అడిగాను. మనం కట్టే సొమ్ము మ్యూజియానికి వెళ్తుంది. వస్తువు మనదైపోదు, ఇంటికి రాదు. అమ్మకి ఇది విడమరిచి చెప్పాల్సిన పనే లేకపోయింది. "మన గుళ్లో ఫ్యాను రెక్క మీద పేరు రాయించినట్టేగా" అంది. నిజమే. అమరావతి స్తూపానికి తోలుపని చేసుకునే విధికుడు ఇంటిల్లిపాదితో కలిసి పూర్ణకుంభం పలక ఇచ్చి పేరు చెక్కించుకున్నాడు. ఇలాంటి మామూలు మనుషులు ఇచ్చిన పలకలూ ఆ స్తూపానికి ఉన్నాయి.

అమ్మ ఏరుకున్నది బొటనవేలి గోరంత బేస్ తాయెత్తు. బేస్ అంటే గర్భిణుల్నీ పసిపిల్లల్నీ కాచే మరుగుజ్జు దేవుడు. దొడ్డికాళ్లు, మోకాళ్ల మీద చేతులు, సింహం జూలు, బయటికి చాచిన నాలుక, నెత్తిన ఈకలు. నీలంగా మెరిసే ఆ పదార్థం మట్టి కాదు. పలుగురాయి పొడిలో క్షారం, రాగి కలిపి కాలిస్తే పైన దానంతటదే మెరుపు పూస్తుంది. వెనకాల దారం ఎక్కించే కన్నం ఉంది. దాని అంచు ఒకవైపే అరిగింది. "ఏ బిడ్డ మెళ్లోదో" అని అమ్మ అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. ఈ డిసెంబరుకి తనకి అరవై నిండుతాయి. పట్టుచీర కొనాలనుకున్న డబ్బు ఇటు కట్టేశాం, తన పేరుమీదే.

పెద్ద మ్యూజియాలకి ఇవ్వొద్దని అనను. కానీ ఇలాంటి చోట మనమిచ్చిన కొద్దిపాటి సొమ్ము తేమ పీల్చే పొట్లాలకో, ఆమ్లం లేని కాగితానికో, విరిగిన ముక్క అతికించడానికో సూటిగా అక్కరకొస్తుంది.

బస సంగతి. సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక చిన్న బసలో దిగాం. కిటికీలోంచి అఖాతమంతా కనిపిస్తుంది, పొద్దున టిఫినూ బావుంది. హీటరు మాత్రం రాత్రంతా వెచ్చబడలేదు. రెండుసార్లు చెబితే దుప్పటొకటి ఇచ్చి ఊరుకున్నారు. అమ్మ రెండు స్వెట్టర్లు వేసుకుని పడుకుంది. పెద్దవాళ్లతో చలికాలంలో వెళ్లేవాళ్లు ఊరి మధ్యలో మామూలు హోటల్ చూసుకోవడమే మంచిది. తిండికి స్వాన్‌సీ మార్కెట్టుకి వెళ్లండి. పెనం మీద కాల్చిన వెల్ష్ కేకులు వేడివేడిగా దొరుకుతాయి. సముద్రపు పాచితో చేసే లేవర్‌బ్రెడ్ అమ్మ ముట్టుకోలేదు, నాకు మాత్రం నచ్చింది.

టైముంటే 1841 నాటి స్వాన్‌సీ మ్యూజియంలో హోర్ అనే పూజారి మమ్మీని కూడా చూడండి. ఈజిప్ట్ సెంటర్‌కి వెళ్లే ముందు ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కుని బయల్దేరండి. శనివారమైతే పిల్లల వాలంటీర్లుంటారు.

తిరుగు రైల్లో అమ్మ తన చిన్నప్పటి మొలతాడుకి ఉన్న వెండి మువ్వ గురించి చెప్పింది. అదెక్కడ పోయిందో వాళ్లమ్మకి కూడా తెలీదట.