మాట బుడగలో పట్టాలి: ఈమధ్య చదివిన బొమ్మల కథల గురించి

తెలుగు బొమ్మల కథల్లో సగంలో వదిలేసినవి తీసి చూస్తే, కథ నచ్చక వదిలేసినవి తక్కువే. అక్షరం కంటికి అడ్డం పడి వదిలేసినవే ఎక్కువ. చెన్నైలో ఉంటూ తెలుగు, తమిళం, ఇంగ్లీషు కలగలిపి చదివేవాళ్ళకు ఈ సంగతి తొందరగా తెలిసొస్తుంది. ఒకే వారంలో మూడు లిపులూ, పాత్రల మాటలు రాసే అవే కొలతల బుడగల్లో కళ్ళబడతాయి మరి.

మాటల బుడగని గీసేది ఇంగ్లీషు పెద్దక్షరాల కొలతకి. అవన్నీ ఒకే ఎత్తు, కిందికి ఏదీ వేలాడదు, వరస మీద వరస ఇటుకల్లా పేర్చేయొచ్చు. మనకి పైన గుడి, కింద వత్తు. ‘రాష్ట్రం’ లాంటి మాట పై వరసలో పడి, సరిగ్గా దాని కింద ‘కీ’ వచ్చిందంటే వత్తూ గుడీ ఢీకొంటాయి. 9 పాయింట్ల అక్షరానికి వరసల మధ్య 13 పాయింట్లైనా ఇస్తేగాని ఊపిరాడదు. బుడగలో అంత చోటు ఉండదు కాబట్టి పేజీ కట్టేవాళ్ళు అక్షరాన్నే తగ్గించేస్తారు. 7 పాయింట్లకి దిగేసరికి వత్తు సిరా మరకై కూర్చుంటుంది, ద ఏదో ధ ఏదో తెలీదు. ఇంకో చిక్కు మాట పొడవు. మన క్రియలు ఒకదానికొకటి అతుక్కుని బుడగ వెడల్పు మొత్తం మింగేస్తాయి. ‘వెళ్ళిపోదామనుకుంటున్నావా’ అని రాసేచోట ‘వెళ్తావా’ సరిపోతుందని అనువాదకుడికి తోచకపోతే ఆ పేజీని ఎవరూ బాగుచెయ్యలేరు.

మనవాళ్ళలో దీన్ని తేలిగ్గా దాటినవాడు బాపు. ఆయన కార్టూన్లలో మాట కూడా చేత్తో రాసిందే. వత్తుని ఖాళీ ఉన్న చోటికి వంచేస్తాడు, దీర్ఘాన్ని పక్కకి లాగేస్తాడు, బొమ్మా అక్షరమూ ఒకే గీతలో నడుస్తాయి. ఆ రాత పోలికతో కంప్యూటర్ ఫాంట్లు వచ్చాయిగాని, ఫాంటుకి కింది వరసలో ఏ అక్షరం ఉందో చూసి సర్దుకునే తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది?

తమిళానికి ఈ అవస్థ లేదు. అక్షరం నెత్తిన పుళ్ళి, అంటే చుక్క, పెడితే చాలు, వత్తుల గొడవ ఉండదు. శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 1972లో, లయన్ కామిక్స్ 1984లో మొదలయ్యాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. లిపి ఒక్కటే కారణమని అనను, ఏళ్ళ తరబడి కొంటున్న పాఠకులున్నారు వాటికి. కానీ తమిళం కూడబలుక్కుని చదివే తెలుగువాడు సైతం ఆ బుడగల దగ్గర తడబడడు. వాటిలో ‘ఇరుంబుక్కై మాయావి’ బ్రిటిష్ పత్రికల్లో వచ్చిన స్టీల్ క్లాకి తమిళ రూపం. ఉక్కు చెయ్యి ఉన్నవాడికి కరెంటు తగిలితే ఒళ్ళంతా మాయమై ఆ చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. సైన్సు వెతక్కూడదు. హెసూస్ బ్లాస్కో వేసిన నీడలు మాత్రం తీరిగ్గా చూడదగ్గవి. వారం వారం కొన్ని పేజీలుగా వచ్చిన కథ కాబట్టి ప్రతి రెండు మూడు పేజీలకీ ఒక గండం ఉంటుంది. ఒక్క బిగిన చదివితే విసుగొస్తుంది, రోజుకి పది పేజీలు చాలు.

టెక్స్ విల్లర్ అలా కాదు. 1948లో ఇటలీలో పుట్టిన కౌబాయ్ అతను, సృష్టించింది బొనెల్లి, గలెప్పిని. నలుపు తెలుపు, పేజీకి మూడు వరసల బొమ్మల గళ్ళు, నిదానంగా నడిచే సంభాషణ. ఎవరు గెలుస్తారో మొదటి పేజీలోనే తెలుసు, అయినా చేతిలోంచి దిగదు. తాంబరం లోకల్లో నిలబడి చదవడానికి ఇంతకంటే అనువైన పుస్తకం కనబడలేదు. గళ్ళ వరస ఎప్పుడూ మారదు కాబట్టి కుదుపుల్లో చోటు తప్పినా వెంటనే దొరుకుతుంది.

చందమామని పెద్దయ్యాక మళ్ళీ చదివితే దాని పేజీ ఎంత తెలివిగా కట్టారో అర్థమవుతుంది. 1947 జులైలో మద్రాసులో మొదలైన ఆ పత్రిక బుడగల జోలికే పోకుండా బొమ్మని ఒక పక్క, కథని ఒక పక్క ఉంచింది. వత్తులకి కావలసినంత చోటు. కథలన్నీ ఇప్పుడూ బాగున్నాయని చెప్పను. రాజుగారు మెచ్చి బహుమానం ఇచ్చే కథలు నాలుగు చదివేసరికి అయిదోది ముందే తెలిసిపోతుంది. బేతాళ కథల్లో మాత్రం ప్రశ్న దగ్గర ఆగి జవాబు మనమే ఆలోచించుకుంటే, విక్రమార్కుడి జవాబుతో తగువు పెట్టుకోవాలనిపించేవి చాలా ఉన్నాయి. కొడవటిగంటి కుటుంబరావు చూసుకున్న కాలంలోని (1952–80) వాక్యం ఇప్పటికీ నేర్చుకోదగ్గది. పొట్టి వాక్యం, సూటి క్రియ, విశేషణం అవసరమైతేనే. శంకర్, చిత్ర, వడ్డాది పాపయ్యల బొమ్మల గురించి కొత్తగా చెప్పేదేముంది.

స్కాన్ చేసిన పాత సంచికల్ని 6 అంగుళాల నలుపు తెలుపు ఈ-రీడర్‌లో చదవాలనుకునేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి. ఆ తెర వెడల్పు 3.6 అంగుళాలు, చందమామ పేజీ దానికి దాదాపు రెట్టింపు. అక్షరం సగమైపోతుంది, రంగులు ఎలాగూ రావు. స్కాన్ అంటే ఫొటోయే కాబట్టి అక్షరం సైజు పెంచే మీట పనిచెయ్యదు. ముందు నాలుగు వైపులా అంచులు కత్తిరించాలి, తర్వాత కాంట్రాస్ట్ పెంచాలి, లేకపోతే పాత కాగితం పసుపు తెరమీద బూడిద రంగై అక్షరాన్ని మింగేస్తుంది. ఆ తర్వాత తెరని అడ్డంగా తిప్పి అరపేజీ చొప్పున చదవొచ్చు. ఇంత తంటా వద్దనుకుంటే 10 అంగుళాల ట్యాబ్లెట్ నయం. కళ్ళు కాస్త అలుస్తాయి, బొమ్మ మాత్రం బొమ్మలా ఉంటుంది.

ఇంగ్లీషులో చదివినవాటిలో ముందు వరస మౌస్‌ది. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు అనగానే పిల్లల పుస్తకం అనుకుని పక్కన పెట్టేవాళ్ళున్నారు. నాజీల చేతిలోంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథని ఆర్ట్ స్పీగెల్మన్ అచ్చయిన సైజులోనే, ఫౌంటెన్ పెన్నుతో గీశాడు. పెద్దగా గీసి తగ్గించిన పుస్తకాల్లో ఉండే నున్నదనం ఇందులో కనబడదు, గీతలో చెయ్యి వణుకు తెలుస్తుంది. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. నా మట్టుకు యుద్ధం పేజీల కంటే తండ్రీకొడుకుల పేచీలే బలమైనవి. మాత్రలు లెక్కపెట్టుకునే, రోడ్డుమీద పడిన వైరు ముక్క జేబులో వేసుకునే, సగం తిన్న డబ్బాలు కొట్టుకి తిరిగిచ్చే ముసలాయన మీద మనకీ కోపం వస్తుంది, వెనకే సిగ్గూ వస్తుంది.

పెర్సెపొలిస్‌లో ఇరాన్ భాగం ఊపిరి బిగబట్టి చదివిస్తుంది, వియన్నాకి వెళ్ళాక సడలుతుంది. అంతా కారు నలుపు, బూడిద ఛాయలు లేవు, అందువల్ల చవక కాగితం మీదా బొమ్మ చెడదు. భీమాయన (2011) అంబేడ్కర్ జీవితం. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గళ్ళే గీయలేదు. మెత్తని మాటకి పిట్ట ఆకారపు బుడగ, విషం చిమ్మే మాటకి తేలు కొండి. ఈ గుర్తులు తెలియకుండా మొదలుపెడితే ఏ మాట తర్వాత ఏది చదవాలో చూపు తప్పుతుంది, కాబట్టి పుస్తకం చివరనున్న వివరణ ముందు చదువుకోవాలి. టిన్‌టిన్ గురించి ఒక్క ముక్క: మూడు కథలు కలిపిన చిన్న సైజు గట్టి అట్ట సంపుటాలు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, నలభై దాటిన కళ్ళకి పనికిరావు. 62 పేజీల పెద్ద సైజు విడి పుస్తకాలే కొనండి.

కొన్న పుస్తకాలు చెన్నై గాలికి తట్టుకోవడం వేరే సమస్య. నున్నటి ఆర్ట్ పేపరుకి పైన బంకమట్టి పూత ఉంటుంది, చెమ్మ తగిలి నొక్కుకుని ఉంటే పేజీలు అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడి వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో బీరువాని బయటి గోడకి నాలుగు వేళ్ళ దూరం జరపాలి, పుస్తకాల్ని దొంతర పెట్టకుండా నిలబెట్టాలి. కలరా ఉండలు పురుగుని ఆపుతాయి, చెమ్మని ఆపవు.

జనవరి బుక్ ఫెయిర్‌లో బొమ్మల పుస్తకం చేతికి తీసుకుంటే అట్ట చూసి మురిసిపోకుండా సరిగ్గా మధ్యకి తెరవండి. జిగురు బైండింగు అయితే రెండు పేజీల మీదుగా పరుచుకున్న బొమ్మలో మధ్య అంగుళం నడుంలోకి పోతుంది, ముఖం అక్కడ పడిందేమో చూడాలి. తర్వాత అన్నిటికన్నా చిన్న బుడగ వెతికి, పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టి చదవండి. వత్తులు విడివిడిగా కనబడకపోతే, ఎంత తగ్గింపు ఇచ్చినా అక్కడే వదిలేసి పక్క స్టాలుకి వెళ్ళండి.