నెల్లూరు నుంచి చెన్నైకి ట్రావెల్స్ కారు: ఐదుకి ఒక్క స్టార్

పోయిన నెల మా అమ్మని చెన్నైలో కంటి డాక్టరుకి చూపించాలని మా ఊళ్ళోనే ఒక ట్రావెల్స్‌లో కారు మాట్లాడాను, రానూపోనూ. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇది ఆ ఒక్కళ్ళ సంగతి కాదు. రేటు న్యాయంగానే చెప్పారు, బండి కొత్తది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి, ఏసీ బాగుంది. ఆ ఒక్క స్టార్ వాటికే.

తెల్లారి నాలుగున్నరకి వేదాయపాలెంలో మా ఇంటికి రావాల్సిన బండి ఐదూ పదికి వచ్చింది. తొమ్మిదికి అపాయింట్‌మెంట్. డ్రైవరుకి పాతికేళ్ళు కూడా ఉండవు, "టెన్షన్ పడొద్దన్నా, టైముకి దించేస్తా" అన్నాడు. ఎలా దించుతాడో వెంకటాచలం టోల్ దాటాక తెలిసింది.

2019 జులై నుంచి తయారైన కార్లలో 80 దాటితే ఉండుండి బీప్ వస్తుంది, 120 దాటితే ఆగకుండా మోగుతూనే ఉంటుంది. గూడూరు దాటాక మా బండిలో ఆ మోత ఆగలేదు. అది వినపడకుండా అతను పాటల సౌండ్ పెంచాడు. ఫోన్లో మ్యాప్ తీసి చూస్తే 143. అమ్మకి శుక్లాల వల్ల రోడ్డు సరిగ్గా కనపడదు, కానీ డోర్ పైన పిడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, గాజులు దడదడా కొట్టుకుంటున్నాయి. "ఏంది నాయనా ఆ కూత, బండికేమన్నా అయిందా" అని అడిగింది. నేను రెండుసార్లు తగ్గించమన్నాను, ఒక నిమిషం తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాడు. టాక్సీలకి 80 దగ్గర కట్టయ్యే స్పీడ్ గవర్నర్ ఉండాలి కదా అంటే, "అది ఎప్పుడో తీసేయించారన్నా, అందరూ తీసేస్తారు" అన్నాడు, అదేదో మామూలు విషయం అన్నట్టు.

నాయుడుపేట దగ్గర డివైడర్ సందులోంచి ఒక మోపెడ్ బయటికొచ్చింది, రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని. బ్రేకు తొక్కితే బండి పక్కకి లాగింది, టిఫిన్ క్యారియర్ ఊడి ఇడ్లీలు, పప్పుల పొడి అంతా అమ్మ కాళ్ళ మీద పడ్డాయి. ఆ పెద్దాయన ఒక కాలు నేల మీద ఆనించి అలాగే నిలబడిపోయాడు, మా బంపరుకీ ఆయన క్యానుకీ మధ్య మూర ఖాళీ కూడా లేదు. 143 అంటే సెకనుకి దాదాపు 40 మీటర్లు. ఆయన ఇంకొక్క అడుగు ముందుకొచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది.

చెన్నైలో దిగగానే ఓనరుకి ఫోన్ చేశాను. సారీ చెప్తాడనుకున్నాను. "ఫైన్ వస్తే మేం కట్టుకుంటాం లెండి సార్, మీకేం ఇబ్బంది లేదు" అన్నాడు. నన్ను బాగా బాధపెట్టింది ఈ మాటే. ఆయన అన్నదాంట్లో అబద్ధం కూడా లేదు. మోటారు వాహనాల చట్టం 183 సెక్షన్ కింద కారు స్పీడుకి ఫైను వెయ్యి నుంచి రెండు వేలు, ఎంత స్పీడైనా అంతే, ఐదు కిలోమీటర్లు ఎక్కువ పోయినా యాభై ఎక్కువ పోయినా ఒకటే సెక్షన్. ప్రమాదకరంగా నడిపితే జైలు వేసే 184 ఉంది, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281 కింద ఆరు నెలల దాకా జైలు ఉంది, కానీ రెండిట్లోనూ జైలు లేదా ఫైను అనే ఉంది. మనిషి ప్రాణం పోయాకే అదే సంహితలో 106 కింద ఐదేళ్ళ దాకా శిక్ష. పాల క్యాన్ల పెద్దాయన బతికాడు కాబట్టి ఏ కేసూ లేదు.

మా బావమరిది ఫ్లోరిడాలో ఉంటాడు, అతనికి చెప్తే అక్కడి కొత్త చట్టం సంగతి చెప్పాడు. 2025 జులై 1 నుంచి లిమిట్ మీద 50 మైళ్ళు ఎక్కువ పోయినా, లేదా వంద మైళ్ళు దాటి ఎదుటివాళ్ళకి ప్రమాదం తెచ్చేలా నడిపినా నేరమే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా సరే. మొదటిసారే 30 రోజుల దాకా జైలు లేదా 500 డాలర్ల ఫైను, లేదా రెండూ. మనకీ అలాంటి గీత ఒకటి ఉండాలి. లిమిట్ మీద 50 కిలోమీటర్లు దాటితే చలానాతో వదిలేయకూడదు, కోర్టుకి వెళ్ళాలి, లైసెన్సు పోవాలి.

అయితే ఆ కుర్రాడొక్కడినే లోపల వేస్తే నేను ఒప్పుకోను. రాత్రి ఒంటిగంటకి తిరుపతి ట్రిప్పు నుంచి వచ్చాడంట, మూడు గంటలు కూడా పడుకోలేదు. గవర్నర్ తీయించింది ఎవరు, లేటుగా పంపించింది ఎవరు? 183 సెక్షన్‌లోనే తన దగ్గర పనిచేసేవాడి చేత స్పీడుగా నడిపించినవాళ్ళకి కూడా శిక్ష అని ఉంది. ప్రతి టోల్ దగ్గరా ఫాస్టాగ్ మెసేజ్ టైముతో సహా ఓనరు ఫోనుకే పోతుంది, రెండు టోల్‌ల మధ్య ఎంతసేపట్లో పోయిందో ఆయనకి తెలియకుండా ఉండదు. కొత్తగా ఏ చట్టం తెచ్చినా ఆ మెసేజ్‌లు సాక్ష్యంగా తీసుకోవాలి.

అన్నట్టు, ఆసుపత్రికి ఎనిమిదింటికే చేరాం, గంటసేపు కుర్చీల్లో కూర్చున్నాం. తిరిగి ఆ కారెక్కనంది అమ్మ, అడ్వాన్స్ పోతే పోయిందని మధ్యాహ్నం సెంట్రల్‌లో పినాకిని రైలు ఎక్కాం. వచ్చే నెల ఆపరేషన్‌కి ముందురోజే రైల్లో వెళ్తున్నాం, టికెట్లు తీసేశాను.