ఓవర్‌హాల్ తర్వాత ఆయిల్ ఎక్కించడం: సెల్ఫ్ కొట్టా, బయటి పంపుతోనా?

డీజిల్ ఇంజిన్ విప్పి బిగించాక గ్యాలరీలు (లోపలి ఆయిల్ దారులు) ఖాళీ. బేరింగులకు మనం పూసిన ఆయిలే దిక్కు.

సెల్ఫ్‌తో అయితే ఇంజిన్ స్టార్ట్ కాకుండా డీజిల్ సోలినాయిడ్ (డీజిల్ వదిలే కరెంటు వాల్వ్) కనెక్టర్ పీకి, విడతకు 30 సెకన్లు మించకుండా, మధ్యలో 2 నిమిషాలు ఆపుతూ తిప్పాలి. ఖర్చు లేదు. కానీ ఆయిల్ లేక ఎండిన ఇంజిన్ పంపు గాలినే తోస్తుంది. ఆయిల్ ప్రెజర్ గేజ్ లేచేదాకా క్రాంక్‌కు ఆయిల్ అందదు.

పెద్ద ఇంజిన్‌కు బయటి పంపే మేలు. మెయిన్ గ్యాలరీ ప్లగ్ తీసి హోస్ బిగించి, సుమారు 2 బార్ ఒత్తిడితో, పైన వాల్వులను నొక్కే రాకర్ల దగ్గర ఆయిల్ ఊరేదాకా ఎక్కించండి. బ్యాటరీ నెగెటివ్ తీసేశాకే క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయొద్దు: సిలిండర్‌లో నీళ్లో డీజిలో చేరి ఉండొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఎక్కించిన ఆయిల్ సంప్‌లోకే (అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దిగుతుంది కాబట్టి డిప్‌స్టిక్ చూశాకే మిగతాది పోయండి. టర్బో ఆయిల్ లైన్ మాత్రం ఏ పద్ధతిలోనైనా విడిగా నింపాల్సిందే.