ఉమ్మి టెస్టా, బ్లడ్ టెస్టా? లూపస్, షోగ్రెన్స్ ఉన్నవాళ్లకి ఏది మేలు

"ఉమ్మిలోనే ఆక్సిడేటివ్ స్ట్రెస్ తెలిసిపోతుందంట కదే, ఇంకా ఈ సూదులెందుకు" అని గుంటూరులో మా పిన్ని అడుగుతూనే ఉంటుంది. తనకి షోగ్రెన్స్ (ఒంట్లోని రోగనిరోధక శక్తి ఉమ్మి, కన్నీటి గ్రంథుల మీదే దాడి చేసే జబ్బు), పైగా చేతికి నరం దొరకదు, అడగటంలో న్యాయం ఉంది.

లూపస్, షోగ్రెన్స్ లాంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బుల్లో ఆక్సిడేషన్ ఎక్కువై (ఇదే ఆక్సిడేటివ్ స్ట్రెస్) కణాల్లో కొవ్వు దెబ్బతింటే ఎండీఏ, డీఎన్ఏ దెబ్బతింటే 8-ఓహెచ్‌డీజీ అనేవి బయటపడతాయి, ఇవి రక్తంలోనూ ఉమ్మిలోనూ దొరుకుతాయి. ఉమ్మి అయితే నొప్పి లేదు, ఎన్నిసార్లైనా ఇవ్వొచ్చు, నిజమే.

కానీ చిగుళ్ల జబ్బు ఉంటే చాలు, లూపస్ లేకపోయినా ఉమ్మిలో ఎండీఏ పెరుగుతుంది. చర్మం గట్టిపడే ఇలాంటి జబ్బే స్క్లెరోడెర్మా, అది ఉన్నవాళ్లకి నోరు సరిగ్గా తెరుచుకోదు, బ్రష్ లోపలిదాకా వెళ్లదు, చిగుళ్లు పాడవుతాయి, ఇక ఆ రీడింగ్ జబ్బుదా చిగుళ్లదా ఎలా చెప్తాం? షోగ్రెన్స్‌లో అయితే అసలు ఉమ్మే ఊరదు, ఊరిన కాస్తా చిక్కగా ఉంటుంది కాబట్టి నంబర్ ఎక్కువ వచ్చినా ఒంట్లో ఎండీఏ ఎక్కువ తయారైందని కాదు. పొద్దున ఇచ్చినదానికీ సాయంత్రం ఇచ్చినదానికీ తేడా ఉంటుంది. తినకుండా, బ్రష్ చేయకుండా, తల వంచి ట్యూబులోకి దానంతటదే జారనిచ్చి వెంటనే ఐస్‌లో పెట్టాలి, మే నెల బెజవాడ ఎండలో బైక్ మీద ల్యాబుకి పంపిస్తే ఆ రిపోర్టుని నేనైతే నమ్మను.

బ్లడ్‌లో ఏఎన్ఏ, ఎస్ఎస్ఏ అనే యాంటీబాడీలు జబ్బేంటో తేల్చటానికి పనికొస్తాయి, లూపస్‌లో అయితే డీఎస్ డీఎన్ఏ యాంటీబాడీ, సీ3, సీ4 అనే ప్రోటీన్లు కూడా చూసి డాక్టర్లు మందు మారుస్తారు. అదే బ్లడ్‌లో ఎండీఏ చూసి ఎవరూ డోస్ మార్చరు, కాబట్టి అదీ వద్దనే అంటాను.

ఉమ్మితో పనికొచ్చే టెస్ట్ ఒకటుంది, ఎంత ఊరుతుందో కొలవటం. ఏమీ నమలకుండా కూర్చుంటే నిమిషానికి 0.1 ఎంఎల్ లేదా అంతకన్నా తక్కువ వస్తే షోగ్రెన్స్‌ని గుర్తించటానికి డాక్టర్లు 2016లో పెట్టుకున్న పాయింట్ల లెక్కలో 1 పాయింట్, ఎస్ఎస్ఏ పాజిటివ్ అయితే 3, పెదవి బయాప్సీలో తేలితే 3, షోగ్రెన్స్ అనాలంటే మొత్తం 4 లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. ఈ కొలతకి పెద్ద ఖర్చేం లేదు, మీ డాక్టర్‌ని అడిగి చేయించుకోండి.

ఎండీఏ కిట్‌కో, యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్‌కో పెట్టే డబ్బుంటే ముందు డెంటిస్ట్ దగ్గర చిగుళ్లు క్లీన్ చేయించుకోండి, ఫ్లోరైడ్ పేస్ట్ వాడండి, ఉమ్మి లేని నోట్లో పళ్లు చాలా తొందరగా పుచ్చిపోతాయి.