వానపాము, రొయ్య: చుట్టరికం తేల్చేది ఒళ్లా, జన్యువా?

వానపామును అరచేతిలో పెట్టుకుని చూడండి, ఒళ్లంతా ఉంగరాలే. రొయ్య తోక వైపూ అలాంటి కణుపులే. శరీర నిర్మాణాన్ని నమ్మిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త కువియే 19వ శతాబ్దం మొదట్లో రెండింటినీ ఒకే గుంపులో చేర్చాడు. చాలాకాలం అదే పాఠం.

1997లో జంతువులన్నింటిలోనూ ఉండే 18ఎస్ రైబోజోమ్ జన్యువును (కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగానికి చెందినది) పోల్చి చూస్తే లెక్క తారుమారైంది. రొయ్యకు దగ్గర చుట్టం కణుపులే లేని నులిపురుగట! వానపామేమో నత్తల వైపు చేరింది. నిజానికి రొయ్యలాగే నులిపురుగు కూడా పైపొర విడుస్తూ పెరుగుతుంది, అదీ నాలుగుసార్లు. ఆ పోలిక ముందునుంచీ కళ్లెదుటే ఉంది.

నా ఓటు జన్యువుకే. కానీ 50 కోట్ల ఏళ్ల నాటి ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన, కణుపుల ఒళ్లున్న సముద్రజీవి) శిలాజంలో డీఎన్‌ఏ మిగలదు. అక్కడ ఒళ్లే ఆధారం.