మిద్దె తోట కిట్: సంచులు బాగున్నాయి, లెక్కే కుదరలేదు

"మొదటిసారి కూరగాయలు పెంచేవాళ్లకి కావలసినవన్నీ ఒకే డబ్బాలో" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న కిట్ ఒకటి రూ. 2,499 పెట్టి తెప్పించాను. ఎండాకాలం, వానాకాలం, చలికాలం మూడూ చూశాక ఇప్పుడు రాస్తున్నాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను చూసిన వాటిల్లో సరుకు ఇంచుమించు ఇదే. ఎవరి దగ్గర కొన్నా కింద చెప్పే లెక్క పనికొస్తుంది.

మేముండేది గుంటూరు కొరిటెపాడులో, మేడ మీద పోర్షన్. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. డాబాలో సగం వాడుకోమన్నారు ఓనర్ గారు, "స్లాబ్ కారిందంటే మాత్రం ఊరుకోనమ్మా" అని ముందే చెప్పి మరీ.

డబ్బాలో ఏమేం వచ్చాయంటే, పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు) పది, ఐదు కిలోల కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) దిమ్మ ఒకటి, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) ఐదు కిలోలు, వేపపిండి కిలో, చిన్న వేపనూనె సీసా, స్ప్రేయరు, పురుగులు అంటుకునే పసుపు జిగురు అట్టలు, పది రకాల విత్తనాలు. "డెకరేషన్ కాంబో" పేరుతో కొబ్బరిపీచు వేలాడే బుట్టలు రెండు, ప్లాస్టిక్ గడ్డి చాప, సోలార్ లైట్ల దండ, మొక్కల పేర్లు రాసుకునే చెక్క పలకలు కూడా ఉన్నాయి.

ముందు సంచుల సంగతి. కుట్టుపని చేసేదాన్ని కాబట్టి నేను చూసేది కుట్టే. ఇవి 260 జీఎస్ఎమ్ హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) గుడ్డ, అంటే చదరపు మీటరు గుడ్డ 260 గ్రాములు తూగుతుంది. అడుగు అతుకు దగ్గర అంచు మడిచి రెండు వరసలు కుట్టారు. దారం నైలాన్‌ది. కాటన్ దారమైతే ఎండకీ తడికీ త్వరగా చీకిపోతుంది, అప్పుడు గుడ్డ ఎంత గట్టిదైనా లాభం లేదు. పట్టుకునే నాడాలు మాత్రం ఒక్క వరస కుట్టుతో వదిలేశారు. మట్టితో నిండిన సంచిని ఆ నాడా పట్టుకుని ఎత్తితే ఊడి చేతికొస్తుంది. మిషన్ మీద నాడా చుట్టూ చదరంగా, మధ్యలో అడ్డంగా ఇంటూ మార్కు వేసి కుట్టాను, ఇప్పుడు దిట్టంగా ఉన్నాయి. మిషన్ లేనివాళ్లు నాడాలని నమ్మకుండా అడుగున చెయ్యేసి ఎత్తండి. ఈ సంచులు గుంటూరు ఎండని తట్టుకున్నాయి, రంగు వెలిసింది తప్ప ఎక్కడా పొడి రాలలేదు. బియ్యం బస్తాల్లో పెంచుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. వాటిలో మామూలుగా ఎండని తట్టుకునే మందు కలపరు. రోహిణి కార్తె దాటేసరికి పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడిపోతాయి.

ఇక లెక్క. పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న గుండ్రటి సంచిలో దాదాపు 22 లీటర్ల మట్టి పడుతుంది. పది సంచులకి 220 లీటర్లు. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మ నీళ్లలో నానితే 60, 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది. ఐదు కిలోల వర్మీకంపోస్ట్ పది లీటర్లకి మించదు. రెండూ కలిపినా నాలుగు సంచులు అంచు దాకా నిండవు. మిగతా ఆరింటికి ఏం పొయ్యాలి? జాకెట్‌కి మీటరు గుడ్డ అడిగి ముప్పావు మీటరు తెచ్చిచ్చినట్టుంది ఈ కిట్. ఫోటో పెట్టి కస్టమర్ కేర్‌ని అడిగితే, ఇంకో దిమ్మ కొనుక్కోమని పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.

అసలు ఉత్త కోకోపీట్‌లో మొక్క బతకదు. అది నీళ్లు పట్టి ఉంచుతుంది, అంతే. మొక్కకి కావలసిన తిండి అందులో దాదాపు ఉండదు. దిమ్మలో ఉప్పు కూడా ఉండొచ్చు, నానబెట్టి పిండి ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడగాలి. ఈ ముక్క కిట్‌తో వచ్చిన కాగితంలో లేదు.

మా అత్తయ్యది చేబ్రోలు దగ్గర పల్లెటూరు, పుట్టినప్పట్నుంచీ వ్యవసాయమే. డబ్బా చూసి "మట్టి కూడా కొంటారేంటే" అని నవ్వింది. ఊరి నుంచి వస్తూ మాగిన పశువుల ఎరువు రెండు బస్తాలు ఆటోలో వేసుకొచ్చింది. పొలంలోని నల్లరేగడి తెస్తానంది గానీ నేనే వద్దన్నాను. సంచిలో పోస్తే నల్లమట్టి తడికి ముద్దవుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, వేర్లకి గాలాడదు. ఎర్రమట్టి రెండు వంతులు, ఎరువు ఒక వంతు, కడిగిన కోకోపీట్ ఒక వంతు, సంచికి గుప్పెడు వేపపిండి, ఈ పాళ్లు నాకు బాగా కుదిరాయి. ఎర్రమట్టి ఇల్లు కట్టే చోట్లనుంచి తెచ్చుకునేవాళ్లు సిమెంటు, సున్నం కలిసిందేమో చూసుకోండి.

విత్తనాల దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. బ్రకోలి, లెట్యూస్, జుకినీ, ఎర్ర క్యాప్సికం! డబ్బా వచ్చింది ఉగాది ముందు. ఏప్రిల్‌లో గుంటూరు డాబా మీద లెట్యూస్ మొలిపించమని చెప్పేవాళ్లు ఈ ఊరి మొహం చూసి ఉండరు. పాకెట్ల మీద ఏ నెలలో వెయ్యాలో కూడా లేదు. టమాటా ఉంది, సంతోషమే. కానీ పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా ఉక్కపోతగా ఉంటే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. మొక్క చచ్చిపోలేదు కదా, కాయలెందుకు లేవు అని టెన్షన్ పడేవాళ్లకి జవాబు ఇదే. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసుకుంటే చలికాలంలో కాయలు దిగుతాయి. ఇంకో విచిత్రం, దొండ విత్తనాల పాకెట్. దొండని మన వైపు ఎవరూ విత్తనం వేసి పెంచరు, కాసే పాదు నుంచి తీగ ముక్క తెచ్చి గుచ్చుతారు. విత్తనం మొలిచినా అందులో దాదాపు సగం పోతు (మగ) పాదులే వస్తాయి, వాటికి పూలు పూస్తాయి తప్ప కాయ ఉండదు. ఆ పాకెట్ విప్పనే లేదు. పక్క వీధి పిన్నిగారి పాదు నుంచి రెండు ముక్కలు అడిగి తెచ్చుకున్నాను.

మొదటిసారి పెంచేవాళ్లు పట్నంబజారు వైపు విత్తనాల షాపుల్లో తోటకూర, గోంగూర, చుక్కకూర, బెండ, గోరుచిక్కుడు తీసుకోండి. తోటకూర నెల తిరక్కుండానే కోతకొస్తుంది. గోంగూర ఇంకాస్త సమయం తీసుకుంటుంది గానీ చివర్లు తుంచే కొద్దీ పక్క కొమ్మలేసి మళ్లీ మళ్లీ ఇస్తుంది. బెండ గింజలు రాత్రి నానేసి పొద్దున గుచ్చితే నెలన్నర దాటేసరికి కాయ చేతికొస్తుంది. ఒక రోజు కొయ్యడం మర్చిపోయారా, మర్నాటికి పీచు. ఆకుకూరలకి ఈ లోతు సంచులు దండగ. అరడుగు, ముప్పావడుగు మట్టి ఉంటే వాటికి చాలు, వెడల్పు ఉంటేనే నాలుగు కట్టలు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం సంచులు విడిగా దొరుకుతున్నాయి. కిట్‌లో పదింటికి నాలుగు అలాంటివి పెట్టి ఉంటే ఇంకో మార్కు వేసేదాన్ని.

మిర్చి గురించి గుంటూరులో ఉండి రాయకపోతే బాగుండదు. ఊరి పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 లాంటి రకాలు మన జిల్లా రైతులకి కొత్త కాదు. అమరావతి రోడ్డు వైపు నర్సరీల్లో ప్రోట్రేల్లో (గుంటలున్న ప్లాస్టిక్ ట్రేల్లో) పెంచిన నారు దొరుకుతుంది. ఎకరాలకి అమ్మేవాళ్లు నాలుగు మొక్కలడిగితే విసుక్కుంటారేమో అనుకున్నా, నవ్వి పదిచ్చారు. ఇంటికి నాలుగు మొక్కలు చాలు, పచ్చిమిర్చి కొనే పని సగం తగ్గుతుంది. ఆకు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల పని. కిందికి ముడుచుకుంటే కింది ముడత, అది ఆకు రసం పీల్చే నల్లి పని. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిర్చి తోటల్ని ఎలా ముంచిందో మా అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. కిట్‌లోవి పసుపు అట్టలు, అవి తెల్లదోమకి బాగా పనిచేశాయి. తామర పురుగులకి నీలం అట్టలు వాడతారు, అవి ఇందులో లేవు.

వేపనూనె లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్లు, నూనె నీళ్లలో కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది. స్ప్రేయర్ నాజిల్ బాగుంది, సన్నటి తుంపర వస్తుంది, ఆకు అడుగున కూడా తడుపుతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద చల్లడానికి ఇలాంటిదే ఇంకోటి కొన్నాను.

డెకరేషన్ కాంబోకి సున్నా వెయ్యాలని ఉంది గానీ సోలార్ లైట్లు ఒక్కటి కాపాడాయి. చీకటి పడగానే వాటంతటవే వెలుగుతాయి, తొమ్మిదింటి దాకా ఉంటాయి. ముసురు పట్టిన రోజు వెలగవు. ప్లాస్టిక్ గడ్డి చాప మాత్రం డాబా మీద పరవొద్దు. మధ్యాహ్నం దాని మీద కాలు పెట్టలేం, వానొస్తే కింద నీళ్లు నిలబడతాయి. ఓనర్ గారు చూడకముందే తీసేసి బాత్రూం గుమ్మం ముందు వేశాను. కొబ్బరిపీచు బుట్టలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, అన్ని వైపులా గాలి తగిలి పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికే ఆరిపోతాయి. వాటిలో కూరగాయలు వద్దు, టేబుల్ రోజ్ వెయ్యండి, ఎండ ఎంత ఉంటే అంత పూస్తుంది. చెక్క పలకలు మొదటి వానకే ఉబ్బి రంగు కారాయి.

అందంగా కనిపించడానికి డబ్బు ఖర్చు పెట్టక్కర్లేదు, రంగులు ఎక్కడ ఉంచాలో చూసుకుంటే చాలు. ఎర్ర తోటకూర సంచి పక్కన పచ్చ తోటకూర సంచి పెట్టండి. ఎర్ర కాడ బచ్చలిని గ్రిల్ మీదికి పాకిస్తే కర్టెన్ అక్కర్లేదు, పప్పులోకి ఆకు ఉండనే ఉంది. పాత పెయింటు డబ్బాలకి అడుగున చిల్లులు కొట్టి, జాజు రంగు వేసి, పైన తెల్ల పెయింటుతో ముగ్గు గీతలు పెట్టాను. వచ్చిన కస్టమర్లందరూ ఎక్కడ కొన్నారని అడిగినవి ఇవే. కుండీల చుట్టూ బియ్యప్పిండి ముగ్గు మాత్రం వెయ్యకండి. చీమలు వస్తాయి, పిండినల్లి (తెల్ల పిండిలా పట్టే పురుగు) కార్చే తీపి కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, వేపనూనె ఎంత కొట్టినా వదలదు. కొండపల్లి బొమ్మలు మొక్కల మధ్య పెట్టి ఫోటోలు తీసుకునేవాళ్లని చూశాను. ఫోటో అయ్యాక లోపల పెట్టెయ్యండి, తెల్లపొణికి చెక్క తడికి ఆగదు. మొక్కలు కట్టడానికి ట్వైన్ దారం వాడితే కాండం కోసుకుపోతుంది, పాత కాటన్ చీర పేలికలు మెత్తగా ఉంటాయి, నా దగ్గర వాటికి కొదవ లేదు. మే నెలలో మొక్కల మీద నీడకి 50 శాతం షేడ్ నెట్ వేశాను, కిట్‌లో అది లేదు, గుంటూరులో అదే ముందు కావాలి.

అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకి ఒక మాట. నిండుగా తడిసిన సంచి ఇరవై కిలోలు దాటుతుంది. డాబా మధ్యలో గుంపుగా పెట్టకుండా పిట్టగోడ వెంట, కింద గోడలున్న చోట వరసగా పెట్టండి. సంచి కింద రెండు ఇటుకలు ఉంటే నీళ్లు జారిపోయి స్లాబ్ ఆరుతుంది. మా బోరు నీళ్లు కొంచెం ఉప్పు, సంచుల మీద తెల్లగా చారలు కడుతుంది. మున్సిపల్ నీళ్లు వచ్చే టైముకే మొక్కలకి పడుతున్నాను. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా ఎందుకని మొక్కలకి పోస్తారు కొందరు, ఉప్పంతా అందులోనే పోగవుతుంది, దానికన్నా బియ్యం కడిగిన నీళ్లు నయం.

మొత్తానికి కిట్‌గా ఇది కొనొద్దనే చెబుతాను. ఇదే కంపెనీ సంచులు విడిగా కూడా అమ్ముతోంది, అవి తీసుకోండి. టమాటా, వంగకి మాత్రం పన్నెండు కాకుండా పదిహేను అంగుళాలవి చూడండి. స్ప్రేయరు, జిగురు అట్టలు, వేపనూనె, కోకోపీట్ అన్నీ గుంటూరులోనే దొరుకుతాయి, నేను అడిగిన చోట కూపన్ తగ్గించిన ధర కన్నా తక్కువే చెప్పారు. విత్తనాల పాకెట్ మీద తయారైన తేదీ, గడువు చూసి తీసుకోండి. కిట్‌లో వచ్చిన రెండు పాకెట్ల మీద ఆ తేదీ ఉన్నచోట ఆఫర్ స్టిక్కర్ అంటించి ఉంది.