సర్కారు తుమ్మ సీమలో గేటర్‌స్కిన్: 28 మిల్లీమీటర్ల రోడ్ టైరు ఎంతవరకు పనికొస్తుంది?

పంక్చర్ పడని రోడ్ సైకిల్ టైరు ఏదని అడిగితే చాలామంది ముందు చెప్పే పేరు కాంటినెంటల్ గేటర్‌స్కిన్. నల్లగొండ, మహబూబ్‌నగర్ దారుల మీద ఆ మాట సగమే నిజం. గాజు పెంకుకు, కంకర అంచుకు ఇది గట్టిగా నిలబడుతుంది. ముల్లు ముందు మాత్రం మామూలు టైరు కంటే కాస్త మెరుగు, అంతే. మన దగ్గర సైకిలును దారి మధ్యలో ఆపేది ఎక్కువగా ముల్లే కాబట్టి, టైరు మార్చి ఊరుకుంటే చాలదు.

ముందు దీని కట్టుబడి. దారాల పొరలు మూడు కలిపి అంగుళానికి 180 దారాల నేత. రోడ్డుకు తగిలే రబ్బరు కింద పాలీఎక్స్ అనే చిక్కటి పాలియెస్టర్ పట్టీ. పక్కగోడల మీద డ్యూరాస్కిన్ అనే పాలిఅమైడ్ వల, అదే టైరు పక్కన గోధుమరంగులో కనిపించేది. అంచులో తీగ ఉన్న రకం, మడత పెట్టే రకం రెండూ దొరుకుతాయి. తీగది బరువు ఎక్కువ, ధర తక్కువ. రోజూ తొక్కే సైకిలుకు అది చాలు. ఇది ట్యూబు టైరు. సీలెంట్ (బెజ్జాన్ని లోపలి నుంచి మూసే ద్రవం) పోసి ట్యూబ్‌లెస్‌గా, అంటే ట్యూబు లేకుండా, వాడే ప్రయత్నం చేయకండి, అంచు రిమ్ము మీద నిలవదు.

సైజుల్లో 28 తీసుకోండి. కంకర తేలిన మండల రోడ్లకు, లెక్కలేనన్ని స్పీడ్ బ్రేకర్లకు 23, 25 సన్నం. కొనేముందు చైన్ దగ్గరి ఫ్రేము సందులో, బ్రేకు కింద, ఫోర్కు పైన టైరుకూ లోహానికీ మధ్య కనీసం 4 మిల్లీమీటర్లు మిగులుతుందో లేదో చూసుకోవాలి. పాత రిమ్ బ్రేకు ఫ్రేములు కొన్ని 25తోనే సరిపెట్టుకుంటాయి. రిమ్ము లోపలి వెడల్పు 19 మిల్లీమీటర్లయితే పెట్టె మీద 28 అని ఉన్న టైరు గాలి కొట్టాక ఇంకాస్త లావెక్కుతుందనీ మరవొద్దు.

గేటర్‌స్కిన్‌కు పెట్టిన డబ్బు నిజంగా తిరిగొచ్చేది పక్కగోడల దగ్గర. కొండమల్లేపల్లి మీదుగా దేవరకొండ కోటకు వెళ్లినా, కోయిల్‌కొండ వైపు తిరిగినా, తారు అంచు చాలాచోట్ల మెట్టులా విరిగి ఉంటుంది. ఎదురుగా బస్సు వస్తే కిందికి దిగక తప్పదు. మళ్లీ ఎక్కేటప్పుడు ఆ అంచు టైరు పక్కను గీరుతుంది. పందేల కోసం చేసిన పలుచని టైర్లు ఇక్కడే చీలిపోతాయి, ట్యూబు గుడ్డులా బయటికి ఉబుకుతుంది. డ్యూరాస్కిన్ ఆ గీరుడును బాగా ఓర్చుకుంటుంది. గ్రానైట్ లారీలు జారవిడిచిన పలుకుల మీద ఎక్కినా అంతే. అయినా అంచు ఎక్కేటప్పుడు ఏటవాలుగా కాకుండా వీలైనంత నిటారుగా ఎక్కండి.

ఇక ముల్లు సంగతి. నేసిన పట్టీ పదునైన అంచును ఎలా ఆపుతుంది? ఒత్తిడిని పది దారాలకు పంచి ఆపుతుంది. గాజు పెంకు వెడల్పుగా తగులుతుంది కాబట్టి ఆ పద్ధతి పనిచేస్తుంది. సర్కారు తుమ్మ ముల్లు సూదిలా ఉంటుంది. దారాన్ని కోయదు, రెండు దారాల మధ్య దూరుతుంది. ఒక్కోసారి ట్యూబు రెండు గోడల్నీ గుచ్చుతుంది. మొన విరిగి టైరులోనే ఉండిపోతే, ట్యూబు మార్చిన కాసేపటికి మళ్లీ గాలి పోతుంది. పల్లేరుకాయది ఇంకో రకం దెబ్బ: కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఆ ముల్లు పొట్టిదే అయినా, టైరు అరిగి రబ్బరు పలచబడ్డాక ట్యూబుకు అందుతుంది. జాతీయ రహదారి 65 మీద చౌటుప్పల్, నార్కట్‌పల్లి మధ్య రోడ్డు పక్క పట్టీ మీద పేలిన లారీ టైర్ల ఉక్కు తీగలు రాలి ఉంటాయి. అవి వెంట్రుకంత సన్నం, కాబట్టి వాటికీ టైరులోని పాలీఎక్స్ పట్టీ సగం అడ్డే. 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల దాటాక కూడా ఇదే తీరు.

ముల్లు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. బత్తాయి తోటల చుట్టూ కొట్టి వేసిన తుమ్మ కంపల ముక్కలు రోడ్డు ఎడమ అంచుకు చేరతాయి. అలాంటి చోట అంచు నుంచి మూరెడు లోపలికి జరిగి తొక్కాలి. పల్లేరు తారు మీద కాదు, పక్క మట్టిలో ఉంటుంది. వానాకాలం మొక్కలు ఎండి కాయలు రాలాక సంక్రాంతి ముందూ వెనకా దాని జోరు ఎక్కువ. అంటే పల్లేరు పంక్చర్ ఎక్కువగా తొక్కేటప్పుడు పడదు, చెట్టు నీడ కోసం సైకిలును దించి నడిపించిన ఆ పది అడుగుల్లో పడుతుంది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం దగ్గరైనా, దేవరకొండ కోట కిందైనా మట్టిలోకి దిగితే సైకిలును భుజాన ఎత్తుకోండి. ఆగిన ప్రతిచోటా చక్రాన్ని ఒక చుట్టు తిప్పి చూడండి. ముల్లు లోపలికి పూర్తిగా దిగడానికి చాలా చుట్లు పడుతుంది, ఈలోగా చేత్తో తీసేయవచ్చు.

దీనికి జోడీగా పనికొచ్చేది ట్యూబులో సీలెంట్. అందుకు కోరు (వాల్వు లోపలి భాగం) ఊడదీసే వీలున్న ప్రెస్టా వాల్వు, అంటే రోడ్ సైకిళ్ల సన్నటి వాల్వు, ఉన్న బ్యూటైల్ రబ్బరు ట్యూబు కావాలి. కోరు విప్పి, చక్రానికి సుమారు 30 మిల్లీలీటర్లు పోసి, బిగించి, చక్రాన్ని రెండు నిమిషాలు తిప్పాలి. గాలి కొట్టేటప్పుడు వాల్వును కిందికి కాకుండా గడియారంలో నాలుగు లేదా ఎనిమిది గంటల దిక్కున ఉంచండి, లేకపోతే సీలెంట్ వాల్వులో గడ్డకడుతుంది. సన్నటి ముల్లు బెజ్జాన్ని ఇది హాయిగా మూస్తుంది. చీలికను మూయదు, చీలిక పని టైరుది. ఒకటి ఆపలేనిది రెండోది ఆపుతుందన్నమాట. మన వేసవికి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి మళ్లీ పోయాలి.

ఎక్కించడం తలనొప్పే. కొత్త గేటర్‌స్కిన్ అంచు బిర్రుగా ఉంటుంది, తీగ రకమైతే మరీ. చాలామంది వాల్వు దగ్గర మొదలుపెట్టి ఎదుటి చివర ముగిస్తారు, అక్కడే ఇరుక్కుంటారు. ఎదుటి నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు మొదలు అడ్డుండటం వల్ల అక్కడ టైరు అంచు రిమ్ము మధ్య గుంటలోకి దిగదు. మిగతా చుట్టూ అంచును వేళ్లతో ఆ గుంటలోకి నొక్కుతూ వస్తే చివరికి సరిపడా వదులు దొరుకుతుంది. లోపల కాస్త పౌడరు చల్లితే మేలు. టైరు ఎత్తడానికి ప్లాస్టిక్ లివర్లే వాడండి. స్క్రూడ్రైవర్ పెడితే ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి.

గాలి విషయంలో మన అలవాటు రాయిలా కొట్టడం. 70 కిలోల మనిషికి 28 టైరులో ముందు 70, వెనక 78 పీఎస్‌ఐ చాలు. పొద్దున 80 కొట్టి బయల్దేరితే, లోపలి గాలి 20 డిగ్రీలు వేడెక్కేసరికి అది 86 అవుతుంది. ప్రమాదమేమీ కాదు గానీ కంకర తేలిన రోడ్డు మీద చేతులు మొద్దుబారతాయి.

దీని అసలు బలహీనత తడి రోడ్డు. గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది కానీ తడిలో పట్టు తక్కువ. మన్ననూరు నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా దోమలపెంట దాటి శ్రీశైలం ఆనకట్ట వైపు దిగే ఘాట్‌లో వాన పడిందంటే, మలుపు లోపల బ్రేకు పట్టకండి. మలుపుకు ముందే వేగం తగ్గించి, బ్రేకు వదిలి, సైకిలును తక్కువగా వంచి తిరగాలి. తెల్లగీతల మీద, రాలిన ఆకుల మీద మరీ జారుతుంది. పొడి రోజుల్లో అదే ఘాట్‌లో ఫిర్యాదు లేదు. కోతల కాలంలో మిర్యాలగూడ వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. ఏ టైరైనా అక్కడ గోళీల మీద నడిచినట్టే, దిగి నడవడం మర్యాద కూడా.

పల్లె దుకాణాల మీద ఆశ పెట్టుకోకండి. అక్కడి ట్యూబు మామూలు సైకిలుది, 28 ఇంటూ ఒకటిన్నర. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, మనది 622. వాల్వు కూడా లావు, మన రిమ్ము బెజ్జంలో పట్టదు. కంప్రెసర్ ఉంటుంది గానీ ప్రెస్టాకు గాలి ఎక్కాలంటే ఇత్తడి అడాప్టర్ మీ జేబులోనే ఉండాలి. రెండు ట్యూబులు, సొల్యూషన్‌తో అంటించే అతుకులు, చిన్న చిమటా పెట్టుకోండి. చిమటా విరిగిన మొన లాగడానికి. మొన ఎక్కడుందో తెలియాలంటే దూది ముక్కతో టైరు లోపల తుడవండి, అది చిక్కుకున్న చోటే ముల్లు. స్టిక్కర్ అతుకులు ఏప్రిల్ ఎండకు ఊడిపోతాయి. సొల్యూషన్ రాశాక ఐదు నిమిషాలు ఆరనిచ్చి అంటించిన అతుకు ట్యూబు ఉన్నన్నాళ్లు ఉంటుంది.

వేగమే ముఖ్యమై, హైవే తప్ప తొక్కనివారికి కాంటినెంటల్‌దే గ్రాండ్ ప్రీ 5000 టైరు చురుకైనది. ముల్లు భయమే పెద్దదైతే ష్వాల్బే మారథాన్ ప్లస్ లోపల 5 మిల్లీమీటర్ల రబ్బరు దిండు ఉంటుంది, ముల్లును అది మెరుగ్గా ఆపుతుంది. కానీ బరువు గేటర్‌స్కిన్‌కు రెట్టింపు పైనే, ఎత్తు ఎక్కేటప్పుడు ప్రతి తొక్కులో తెలుస్తుంది. నల్లగొండ నుంచి సాగర్, దేవరకొండ, డిండి చుట్టూ వారానికి రెండు మూడుసార్లు తిరిగేవారికి సీలెంట్ పోసిన ట్యూబుతో గేటర్‌స్కిన్ సరైన బేరం. వెనక టైరు ముందే అరుగుతుంది. అప్పుడు కొత్తది ముందు చక్రానికి వేసి, ముందున్నదాన్ని వెనక్కి మార్చండి. అరిగినది ఎప్పుడూ ముందు ఉండకూడదు, ముందు చక్రం జారితే నిలదొక్కుకునే వీలుండదు.